వార్తల్లో పదం: జీవవైద్య వ్యర్థాలు

ఆసుపత్రులు, ల్యాబ్‌లు, బ్లడ్ బ్యాంకుల్లో చికిత్స, పరీక్షల వల్ల పోగయ్యే చెత్తే జీవవైద్య వ్యర్థాలు. 1998 నాటి నిబంధనల స్థానంలో మన దేశంలో 2016 నిబంధనలు వచ్చాయి. వీటి ప్రకారం చెత్తను పుట్టినచోటే వేరుచేయాలి. రక్తం అంటిన దూది, కట్లు, కాలం చెల్లిన మందులు పసుపు సంచిలో వేయాలి. సెలైన్ గొట్టాలు, సూది తీసేసిన సిరంజిలు ఎరుపు సంచిలోకి, సూదులు, బ్లేడ్లు గుచ్చినా చిల్లుపడని తెల్ల డబ్బాలోకి, గాజు సీసాలు నీలం డబ్బాలోకి వెళ్లాలి. పసుపు సంచిలోవి ఎక్కువగా కాల్చేస్తారు. ఎరుపు సంచిలోని ప్లాస్టిక్‌ను కాలిస్తే విషపూరిత డయాక్సిన్లు వెలువడే ప్రమాదం ఉంది. అందుకే ఆవిరితో క్రిములను చంపి, ముక్కలు చేసి రీసైక్లింగ్‌కు పంపుతారు. వాడిన సూది మామూలు చెత్తలో కలిస్తే పారిశుద్ధ్య కార్మికులకు గుచ్చుకుని హెపటైటిస్-బి, హెచ్‌ఐవీ సోకే ముప్పుంది.