పేరు ఒక్కటే, ఇంజన్లు నాలుగు
ఏ ఏటి బొలెరో ఎంతవరకు నమ్మదగింది?

పరిగి : సెకండ్ హ్యాండ్ బండి కొనాలని ఊళ్లో నలుగురు కూర్చుని మాట్లాడుకుంటే ఆ మాట తిరిగి తిరిగి మహీంద్రా దగ్గరికే వస్తుంది. ఒకప్పుడు జీపు, ఆ తర్వాత కమాండర్, ఇప్పుడు బొలెరో. పరిగి నుంచి వికారాబాద్, కొడంగల్, తాండూరు, షాద్‌నగర్ వైపు పోయే రోడ్లకు ఈ బండ్లు కొత్త కాదు. "మహీంద్రాయే గదా, గట్టిదే ఉంటది" అని కళ్లు మూసుకుని బేరం చేయడం పరిపాటి అయింది.

చిక్కు అక్కడే ఉన్నది. 2005 బొలెరో వేరు, 2012 బొలెరో వేరు, 2018 బొలెరో వేరు. బయటి రేకు చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. బానెట్ ఎత్తితే ఒకదానికొకటి చుట్టరికం లేదు. ఫైనాన్సులో అప్పు తెచ్చి నెలనెలా కిస్తీ కట్టుకునే వారికి ఈ తేడా తెలియకపోతే బండి సంపాదించినదంతా షెడ్డుకే పోతుంది.

జీపుల కాలం

ఈ కంపెనీ 1945లో లుధియానాలో 'మహీంద్రా అండ్ మహమ్మద్' అనే పేరుతో ఉక్కు వ్యాపారంగా మొదలైంది. భాగస్వామి మలిక్ గులాం మహమ్మద్ దేశ విభజన తర్వాత పాకిస్తాన్ వెళ్లి అక్కడ ఆర్థిక మంత్రి, తర్వాత గవర్నర్ జనరల్ అయ్యారు. 1948లో పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. అమెరికా విల్లీస్ కంపెనీ జీపును ఇక్కడ జోడించి అమ్మడంతో మోటారు వ్యాపారం ఆరంభమైంది.

పాత పెట్రోలు జీపులో చెడిపోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. రెంచీలు, స్క్రూడ్రైవరు ఉంటే చెట్టు కింద కూడా విప్పి బిగించవచ్చు. కాని అది పెట్రోలును నీళ్లలా తాగేది. తర్వాత డీజిల్ వచ్చింది. మొదట ట్రాక్టరు వంశానికి చెందిన ఇంజనును జీపులో పెట్టారు. 1980 తర్వాతి సంవత్సరాల్లో ఫ్రాన్సు దేశపు ప్యూజో కంపెనీ లైసెన్సుతో 2112 సీసీ డీజిల్ ఇంజను వచ్చింది. ఎంఎం 540 జీపులోను, 1990 తర్వాత వచ్చిన కమాండర్‌లోను మనవాళ్లు చూసింది ఈ ఇంజనునే.

ఆ ఇంజను మెత్తగా నడిచేది. చలికాలం పొద్దున హీటర్ ప్లగ్గులు పని చేయకపోతే మాత్రం నలుగురు తోయవలసిందే. రేడియేటర్‌లో నీళ్లు తగ్గినా చూసుకోకుండా నడిపితే హెడ్ గ్యాస్కెట్ పోయేది. కమాండర్ మీద నిందలు చాలా ఉన్నాయి గాని, న్యాయంగా చెప్పాలంటే అందులో సగం బండిది కాదు. పది మంది కూర్చునే బండిలో ఇరవై మందిని ఎక్కించి, వెనక మెట్టు మీద మరో నలుగురిని నిలబెడితే కమాన్ పట్టీలు విరగక ఏమవుతాయి? ముందు చక్రాలకు కూడా ఇరుసు, పట్టీలే కాబట్టి గుంతలకు తట్టుకునేది. స్టీరింగ్ మాత్రం తొందరగా ఆడేది. కాళ్ల కింది రేకు తుప్పు పట్టి రోడ్డు కనబడే కమాండర్లు ఎన్నో!

ఇప్పుడు జీపు మీద మోజుతో కొనేవారికి ఒక్క హెచ్చరిక. ఆ బండ్లలో ఇంజను మార్చడం అతి సులువు. ఒక జీపు ఛాసిస్, మరో జీపు ఇంజను, మూడో జీపు ఆర్‌సీ కలిసినవి ఉంటాయి. ఆర్‌సీలో ఉన్న ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద స్వయంగా చదవనిదే బయానా ఇవ్వరాదు.

2000లో వచ్చిన బొలెరో

2000వ సంవత్సరంలో బొలెరో వచ్చింది. జీపులాగే కింద గట్టి ఛాసిస్, దాని మీద బాడీ. వెనక కమాన్ పట్టీలు అలాగే ఉంచారు. ముందు మాత్రం ఇరుసు తీసేసి రెండు చక్రాలకు వేర్వేరుగా కాయిల్ స్ప్రింగులు పెట్టారు. దీనితో కుదుపు తగ్గింది, ఖర్చు మాత్రం కొత్తగా ఒకటి వచ్చింది. ముందు చక్రాల బాల్ జాయింట్లు, రబ్బరు బుష్‌లు గుంతల రోడ్డు మీద అరిగిపోతాయి. తాండూరు నాపరాయి లారీలు తిరిగే రోడ్డు మీద రోజూ నడిచే బండికి ఇవి మార్చడం టైర్లు మార్చడం లాంటిదే. ఇవి అరిగిన సంగతి టైరు చెబుతుంది. ఒక అంచు నున్నగా, మరో అంచు కొత్తగా ఉంటే ముందు భాగం పని అడుగుతున్నదన్నమాట.

తొలి బొలెరోల్లో ప్యూజో వంశపు రెండున్నర లీటర్ల ఇంజను ఉండేది. దానితోపాటు కంపెనీ సొంత డీఐ ఇంజను, 2523 సీసీది కూడా వచ్చింది. మన పల్లెల్లో పేరు నిలబెట్టింది ఈ డీఐయే.

డీఐ ఇంజను మోత ఎక్కువ. స్టీరింగ్ పట్టుకుంటే చేతులు అదురుతాయి. ఎక్కేటప్పుడు నల్లపొగ వదులుతుంది. అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు దాని బలం ఎంతో తెలిసిపోతుంది. అయినా నమ్మకం అంటే దీనిదే. డీజిల్ పంపు, నాజిళ్లు అన్నీ యంత్రాలే. ఎక్కడా కంప్యూటరు లేదు. బ్యాటరీ డౌనయినా తోస్తే స్టార్ట్ అవుతుంది. ఏ లోపమైనా ముందుగా చెప్పే వస్తుంది. పొగ రంగు మారుతుంది, ఆయిల్ తాగడం మొదలు పెడుతుంది, మోత మారుతుంది. మెకానిక్కు చెవితో విని చెప్పగలడు. బోరు చేయించి, పిస్టన్లు మార్చితే రెండో జన్మ ఎత్తుతుంది.

కంప్యూటరు వచ్చిన తర్వాత

2011లో పొగ నిబంధనల కోసం అదే 2523 సీసీ ఇంజనుకు కామన్ రైల్ పద్ధతి పెట్టారు. ఎం-టూ-డీఐసీఆర్ అని దీని పేరు. మోత తగ్గింది, పొగ తగ్గింది. అయితే డీజిల్‌ను ఎన్నో రెట్లు ఎక్కువ ఒత్తిడితో, చాలా సన్నని రంధ్రాల గుండా కొట్టవలసి ఉంటుంది. నీళ్ల చుక్క, ఇసుక రేణువు ఆ రంధ్రాలకు విషం. పొలం గట్టున డబ్బాలో నెలల తరబడి నిల్వ ఉంచిన డీజిల్‌ను పాత డీఐ తాగి అరిగించుకునేది. ఇది అరిగించుకోలేదు. ఇంజెక్టర్లు పోతే ఖర్చు వేలల్లో ఉంటుంది. నాలుగూ మార్చవలసి వస్తే పాత బండి బేరంలో అదొక పెద్ద వాటా.

అలాగని ఈ బండిని తీసి పారేయనక్కర లేదు. డీజిల్ ఫిల్టరు వేళకు మార్చి, ఫిల్టరు అడుగున చేరిన నీళ్లు వదిలిస్తూ వచ్చిన బండి బాగానే నడుస్తుంది. కొనేటప్పుడు ఇంజను లైటు సంగతి చూడాలి. తాళం తిప్పగానే ఆ లైటు వెలిగి, స్టార్ట్ అయిన తర్వాత ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే ఎవరో ఆ లైటునే పీకేసి ఉంటారు. అది ఇంకా చెడ్డ లక్షణం. స్కానర్ పెట్టి చూడనిదే ఈ ఏటి బండ్లు కొనకూడదు. స్కానర్ వద్దనే అమ్మకందారు దగ్గర నుంచి అసలే కొనకూడదు.

మూడు సిలిండర్ల బండి

2016లో పెద్ద మార్పు జరిగింది. నాలుగు మీటర్ల లోపు పొడవున్న చిన్న ఇంజను బండ్లకు పన్ను తక్కువ. అందుకని బంపర్లు కుదించి పొడవును 3995 మిల్లీమీటర్లకు తెచ్చి, పవర్ ప్లస్ అనే పేరుతో అమ్మారు. ఇంజను 1493 సీసీ ఎంహాక్. సిలిండర్లు నాలుగు కాదు, మూడే. "మూడు సిలిండర్లతో ఇంత బండి ఎట్లా లాగుతది?" అని పెదవి విరిచినవారు లేకపోలేదు. టర్బో సాయంతో 70 హార్స్‌పవర్ ఇస్తున్నది. పాత రెండున్నర లీటర్ల కామన్ రైల్ ఇంజను ఇచ్చింది 63 మాత్రమే.

నిలబడి ఉన్నప్పుడు మూడు సిలిండర్ల అదురు కొంత ఉంటుంది. అది లోపం కాదు, దాని స్వభావం. దీని ప్రాణం టర్బోలో ఉన్నది. టర్బో ప్రాణం ఆయిల్‌లో ఉన్నది. ఆయిల్ మార్పిడి వాయిదా వేసిన బండి, దూరం నుంచి వేగంగా వచ్చి ఆగగానే తాళం తిప్పేసే డ్రైవరు నడిపిన బండి టర్బో పోగొట్టుకుంటుంది. ఒక నిమిషం ఇంజను అలా నడవనిచ్చి ఆపడం అలవాటు చేసుకోవాలి.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. ఇదే ఇంజను 75 హార్స్‌పవర్‌కు పెరిగింది. ఈ కాలపు డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టి ఉంచి, బండి కొంతసేపు ఆగకుండా వేగంగా నడిచినప్పుడు కాల్చివేసే ఏర్పాటు ఉంటుంది. ఊళ్లోనే రెండు కిలోమీటర్లు పోయి ఆగే బండికి ఆ అవకాశం ఉండదు. వారానికి ఒకసారైనా హైదరాబాద్ రోడ్డు మీద మంచిగా నడిచే బండికి ఇబ్బంది తక్కువ. ఇంటి నుంచి పొలానికి, పొలం నుంచి కిరాణా దుకాణానికి మాత్రమే అయితే బీఎస్-6 డీజిల్ బండి ఎందుకన్నది ఆలోచించాలి.

2021లో వచ్చిన బొలెరో నియోను ఈ లెక్కలో కలపరాదు. అది పాత టీయూవీ 300 బండికి పెట్టిన కొత్త పేరు. 2024లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ గుద్దుడు పరీక్షలో దానికి ఒక్క నక్షత్రమే వచ్చింది. పాత బొలెరోల్లో 2019కి ముందువి కొనేవారు బ్రేకుల్లో ఏబీఎస్, డ్రైవరుకు గాలిసంచి ఉన్నాయో లేవో తప్పక చూసుకోవాలి.

లెక్క వేసి చూస్తే

కిరాయికి తిప్పే బండి అనుకుందాం. పరిగి నుంచి వికారాబాద్ పదిహేడు, పద్దెనిమిది కిలోమీటర్లు. రోజుకు మూడు సార్లు పోయి వస్తే వంద కిలోమీటర్లు దాటుతుంది. ఏడాదిలో 300 రోజులు నడిచినా 30 వేల కిలోమీటర్లు. ఐదేళ్లకు లక్షా యాభై వేలు. ఎనిమిదేళ్లు కిరాయికి తిరిగిన బండి మీటరు 70 వేలు చూపిస్తే దాన్ని వెనక్కి తిప్పారని వేరే సాక్ష్యం అక్కర లేదు. క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ చక్రం, డ్రైవరు సీటు మీటరు కన్నా నిజం చెబుతాయి.

ఇక డీజిల్ లెక్క. లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చే బండికి, 15 ఇచ్చే బండికి వంద కిలోమీటర్ల దగ్గర లీటరున్నరకు పైగా తేడా వస్తుంది. లీటరు 95 రూపాయలు వేసుకున్నా రోజుకు 150 దాటుతుంది. ఏడాదికి 45 వేల పైమాట. అంటే రోజూ రోడ్డెక్కే బండికి, ఇంజెక్టర్ల భయం ఉన్నప్పటికీ, 2016 తర్వాతి చిన్న ఇంజనే గిట్టుబాటు. నెలకు నాలుగు సార్లు కందులో పత్తో మార్కెట్‌కు తీసుకుపోయి, పెళ్లికో జాతరకో ఇంటిల్లిపాదీ ఎక్కే రైతు ఇంటికి డీజిల్ లెక్క పెద్దది కాదు. పదిహేను రోజులు కదలకుండా నిలబడినా అలగని పాత డీఐయే వారికి మేలు. 2011 నుంచి 2016 మధ్యవి మాత్రం సర్వీసు కాగితాలు చూపించిన వారి దగ్గరే కొనాలి.

పదిహేనేళ్ల గడువు

ఇంత మంచి డీఐకి ఒక్క అడ్డంకి ఉన్నది. సొంత బండి రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. 2010లో కొన్న బండికి 2025తో అది తీరిపోయింది. ఫిట్‌నెస్ చూపించి మరో ఐదేళ్లకు రెన్యువల్ చేయించాలి. 2022 ఏప్రిల్ నుంచి కార్లకు ఈ ఫీజు 5 వేల రూపాయలు అయింది. 20 ఏళ్లు దాటిన వాటికి 2025లో ఇంకా పెంచారు. పైగా గ్రీన్ టాక్స్. అమ్మేవారు "ఆర్‌సీ ఉన్నది" అంటారు గాని ఎప్పటివరకు అన్నది చెప్పరు. బేరం ఖాయం చేసే ముందే ఆ ఖర్చు ఎవరిదో తేల్చుకోవాలి.

పోలీసు, రెవెన్యూ జీపులు వేలంలో చవకగా దొరుకుతాయని ఎదురుచూసేవారు ఉన్నారు. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి రెన్యువల్ లేదు, తుక్కుకే పోవాలి. ఆ దారి మూసుకుపోయింది.

నంబరు చూసి కూడా కొంత వయసు పట్టవచ్చు. మన ప్రాంతంలో ఏపీ 28 అంటే 2014 జూన్‌కు ముందు, ఉమ్మడి రంగారెడ్డి జిల్లా కాలంది. టీఎస్ 07 ఆ తర్వాతది. టీఎస్ 34 అంటే 2016 అక్టోబరులో వికారాబాద్ జిల్లా అయిన తర్వాతది. 2024 మార్చి నుంచి టీజీ 34. కొన్న తేదీ మాత్రం ఆర్‌సీలోనే చూడాలి.

చివరగా బండి కిందికి దూరి చూడటానికి సిగ్గుపడకూడదు. చొక్కా మాసితే ఉతుక్కోవచ్చు. టార్చిలైటు వేసి ఛాసిస్ మీద వెల్డింగ్ అతుకులు ఉన్నాయేమో, వెనక కమాన్ పట్టీలు బిగించిన చోట పగుళ్లు ఉన్నాయేమో చూడాలి. కొత్తగా నల్లరంగు పూసి ఉంటే ఆ చోట గోటితో గీకి చూడాలి. బొలెరోలో ఇంజను మారుతుంది, గేరు బాక్సు మారుతుంది, బాడీ రేకు కూడా మారుతుంది. పగిలిన ఛాసిస్‌కు మాత్రం ఏ షెడ్డులోనూ మందు లేదు.