రెండొందల నోటుతో ఒక ఆదివారం

ఏమండీ, మీరు నాంపల్లి స్టేషన్‌కి ఎన్నిసార్లు వెళ్లుంటారు? సామాన్లు లెక్కపెట్టుకుంటూ, పిల్లల చేతులు గట్టిగా పట్టుకుని, "నడవండి, నడవండి" అంటూ... అంతేగా? 1907 నాటి ఆ స్టేషన్ బయట ఏముందో తీరిగ్గా చూశారా? హైదరాబాద్‌లో కాపురం పెట్టి ఇరవై రెండేళ్లయినా నేను చూడలేదు. "నేను తీసుకెళ్తాలే" అనేవారు మావారు. ఆ 'లే'లోనే ఇరవై రెండేళ్లూ గడిచిపోయాయి!

నా కళ్లు తెరిపించింది మా పిన్ని కూతురు. జీతంలో దాచుకున్న డబ్బుతో ఒక్కతే పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియా వెళ్లొచ్చింది. మన పాత నల్గొండ జిల్లా కంటే చిన్న దేశం. గాంబియా నదికి అటూ ఇటూ చీర అంచులా ఉంటుంది. రాజధాని బాంజుల్ నుంచి అవతలి ఒడ్డుకి ఊరి జనంతో పాటు ఫెర్రీలో దాటిందట. మిగతా ఊళ్లన్నీ షేర్ టాక్సీల్లోనే. బియ్యం, చేపలు, కూరగాయలు ఒకే గిన్నెలో ఉడికించే 'బెనాచిన్', వేరుశనగ ముద్దతో చేసే 'దొమొదా' తిని బతికానంది.

"భయం వెయ్యలేదుటే?" అన్నాను.

"ఎందుకెయ్యదక్కా! అందుకే నియమాలు పెట్టుకున్నా. చేతికి చిన్న సంచి, డబ్బు రెండు చోట్ల, అక్కడివాళ్లు తినే చోటే తిండి, చీకటి పడకముందే బస, ఎక్కడున్నానో ఇంటికి ఒక కబురు. నువ్వు ముందు నాంపల్లి తిరిగిరా, చాలు" అని నవ్వింది. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది.

మొదటిసారి బోర్లా పడ్డాను

పిల్లలు కాలేజీకి, ఆయన ఆఫీసుకి వెళ్లాక ఓ శుక్రవారం బయల్దేరాను. పబ్లిక్ గార్డెన్స్‌లో మ్యూజియం దాకా వెళ్తే తలుపులు మూసి ఉన్నాయి. శుక్రవారం సెలవట! చెట్టు కింద బెంచీ మీద కూర్చుంటే ఏడుపొచ్చింది. ఒక్కదాన్నే వస్తే ఇంతే కాబోలు అనుకుంటూ ఇంటికొచ్చేశాను.

పట్టుదల మాత్రం పోలేదు. ఈసారి ఆదివారం వెళ్తానన్నాను. "ఆదివారమా? మరి భోజనం?" అని ముగ్గురూ ఒకేసారి అడిగారు. వండిపెట్టి వెళ్లకూడదని ఒట్టు పెట్టుకున్నాను. బియ్యం డబ్బా, కుక్కరు చూపించి గుమ్మం దాటాను.

మమ్మీ నుంచి మార్కెట్ దాకా

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు కదా. ఆధార్ చూపించి జీరో టికెట్టు తీసుకున్నాను. కండక్టర్ "ఎక్కడికమ్మా?" అంటే "నాంపల్లి" అని గట్టిగా చెప్పాను. పనేమీ లేకుండా నేనొక ఊసు కోసం ఊరు దాటడం అదే మొదలు!

మ్యూజియం ఈసారి తెరిచి ఉంది. టికెట్టు ధర తక్కువే. లోపల 1930లో ఏడో నిజాం ఇచ్చిన ఈజిప్టు మమ్మీ ఉంది. ఆఫ్రికా వెళ్లింది మా చెల్లెలు, కానీ ఆఫ్రికా రాకుమారి నాకు నాంపల్లిలోనే కనిపించింది. అద్దం దగ్గర ఎంతసేపు నిలబడ్డా "ఇంక పద" అనేవాళ్లు లేరు. తోటలో డబ్బా విప్పి పెరుగన్నం, ఆవకాయ తిన్నాను.

అక్కణ్నుంచి స్టేషన్ వైపు నడిచి యూసుఫైన్ దర్గాకి వెళ్లాను. ఇద్దరు సాధువుల సమాధులవి. ఔరంగజేబు సైన్యంలో పనిచేసినవారని చెబుతారు. తల మీద కొంగు వేసుకుని పూలు ఇచ్చి వచ్చాను. నాలాంటి బొట్టు పెట్టుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు.

ఆబిడ్స్ అనే పేరు ఆరో నిజాం కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ దుకాణం వల్ల వచ్చింది. ఆదివారం అక్కడ షాపులు చాలావరకు మూసేస్తారు, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. వంగి వెతుకుతుంటే పచ్చళ్ల పుస్తకం ఒకటి దొరికింది. దాని మార్జిన్లో ఎవరో ఇల్లాలు "ఉప్పు తగ్గించాలి" అని రాసుకుంది. బేరమాడకుండా కొనేశాను.

చివరికి మొజంజాహీ మార్కెట్. 1935 నాటి రాతి కట్టడం, 2020లో బాగుచేశారు. పళ్ల ఐస్‌క్రీం కప్పు చేత్తో పట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. ఇంట్లో ఎప్పుడూ గిన్నె అడుగున మిగిలింది తినే అలవాటు నాకు. ఆ రోజు నిండు కప్పు నాదే!

ఆరు గంటలకల్లా ఇంట్లో ఉన్నాను. పర్సులో పద్దెనిమిది రూపాయలు మిగిలాయి. అన్నం ముద్దయిందట, పప్పు అడుగంటిందట. "అయినా తిన్నాంలే" అన్నారు మావారు. ఈసారి ఆ 'లే' నాకు ముద్దుగానే వినిపించింది.

మీరూ బయల్దేరుతున్నారా?

• మ్యూజియానికి శుక్రవారం వద్దు. పుస్తకాల కోసమైతే ఆదివారమే.
• ఆధార్, మంచినీళ్లు, మడత గొడుగు, మెత్తని చెప్పులు మరవకండి.
• టాయిలెట్ దిగులుతో నీళ్లు తాగడం మానేయకండి. మ్యూజియంలోనూ మెట్రో స్టేషన్లలోనూ అడగండి.
• మెట్రోలో వస్తే అసెంబ్లీ లేదా నాంపల్లిలో దిగండి. తిరుగు ప్రయాణానికి మొజంజాహీ మార్కెట్ దగ్గర గాంధీభవన్ స్టేషన్ ఉంది. మెట్రోకి మాత్రం టికెట్టు కొనాలి.
• జనవరి 1 నుంచి ఫిబ్రవరి మధ్య దాకా అయితే దగ్గర్లోనే నుమాయిష్. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లోనే మొదలైంది.
• వండిపెట్టి మాత్రం వెళ్లకండి!