జీతగాని గుడిసె దాకా చట్టం

తెలంగాణ పల్లెలలో ‘జీతం’ అంటే నెల వేతనం కాదు. అప్పుకు కట్టుబడి దొర ఇంట చేసే చాకిరి. తండ్రి అప్పు తీరకపోతే కొడుకు జీతానికి కుదిరేవాడు. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం అట్టి అప్పులను రద్దు చేసింది. చాకిరి చేయించేవారికి మూడేళ్ల వరకు ఖైదు నిర్ణయించింది. అయితే చదువురాని జీతగానికి ఈ సంగతి చెప్పేదెవరు?

ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శిగా ఉండిన శ్రీ ఎస్.ఆర్. శంకరన్ అది తమ బాధ్యత అనుకున్నారు. 1934లో తంజావూరు సీమలో జన్మించిన ఈ ఐ.ఏ.ఎస్. అధికారి పల్లెలకు వెళ్లి, బాకీ చెల్లనవసరం లేదని కూలీలకు స్వయంగా తెలియజెప్పేవారు. పాలకులలో కొందరికి ఇది రుచించలేదు. రుచించకపోవడంలో వింత లేదు.

త్రిపుర ప్రభుత్వ ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన అనంతరం ఆయన మళ్లీ ఈ శాఖకే వచ్చారు. విముక్తుడైన కూలీ బిడ్డ తిరిగి జీతానికి పోకుండా ఉండాలంటే బడి ఒక్కటే చాలదు. తిండీ, వసతీ కావాలి. 1984లో మొదలైన సాంఘిక సంక్షేమ గురుకులాల వెనుక ఆయన కృషి ఎంతో ఉంది.

1992లో కేంద్ర గ్రామీణాభివృద్ధి కార్యదర్శిగా పదవీ విరమణ చేశారు. 2005లో పద్మభూషణ్ స్వీకరించలేదు. 2010లో హైదరాబాదులో కన్నుమూసేవరకు, మలమూత్రాలను మనుషులచేత ఎత్తించే దురాచారాన్ని రూపుమాపేందుకు పాకీ పనివారితో కలిసి పాటుపడ్డారు.