వెలుగుతూ పాడే గాజు గొట్టాలు

మీట నొక్కగానే రేడియో పలకకపోతే ఏమనుకుంటాం? పాడైపోయిందనుకుంటాం. గత మే నెలలో పామూరులోని మా ఇంట్లో నేనూ అలాగే అనుకున్నాను. రోజూ పాటలు వినే ట్రాన్సిస్టర్ల ఆంప్లిఫయరును తీసి, దాని చోట పాత వాల్వుల ఆంప్లిఫయరును పెట్టాను. మీట నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు! కాసేపటికి గాజు గొట్టాల్లో నారింజ రంగు వెలుగు కనిపించింది. ఆ వెనకే నాదస్వరం మెల్లగా వినవచ్చింది.

ఈ ఆలస్యం ఎందుకు?

వాల్వు అంటే గాలి తీసివేసిన గాజు గొట్టం. దానిలోని ఫిలమెంటు, కాథోడు అనే భాగాన్ని వేడిచేస్తుంది. బాగా వేడెక్కిన కాథోడు నుంచి ఎలక్ట్రాన్లు వెలువడతాయి. ధన విద్యుత్తు గల ప్లేటు వాటిని తనవైపు లాక్కుంటుంది. కాథోడు వేడెక్కేదాకా ఎలక్ట్రాన్లు లేవు. అందుకే పాటా లేదు!

1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ చేసిన వాల్వులో వేడి ఫిలమెంటు, ప్లేటు మాత్రమే ఉండేవి. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ మూడో భాగాన్ని చేర్చాడు. అదే గ్రిడ్.

చెరువు తూము చూశారా? తలుపు కొంచెం ఎత్తితే చాలు, నీరు ఉరికి వస్తుంది. ఎత్తే బలం మనది. ఉరికే బలం చెరువుది. గ్రిడ్ కూడా ఇలాంటి తలుపే. దానిపై పడే చిన్న విద్యుత్ సంకేతం, ప్లేటు వైపు సాగే పెద్ద ప్రవాహాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది.

అయితే దీనికి ఖర్చు ఉంది. ఇ.ఎల్.84 అనే వాల్వు ఫిలమెంటుకు 6.3 వోల్టుల వద్ద 0.76 ఆంపియర్లు కావాలి. గుణించి చూడండి, దాదాపు 4.8 వాట్లు! పామూరు ఎండకు ఈ వేడి కూడా తోడైంది. 1947లో పుట్టిన ట్రాన్సిస్టరుకు ఫిలమెంటే అక్కరలేదు. అందుకే అది క్రమంగా వాల్వును ఇళ్ల నుంచి సాగనంపింది.

మరి పాట మధురంగా ఉందా?

నాకు అలాగే అనిపించింది. ఏ ఆంప్లిఫయరైనా అసలు ధ్వనికి తనదంటూ కొంత కలుపుతుంది. సెకనుకు 240 కంపనాల షడ్జమం పంపితే, చాలా వాల్వు సెట్లు 480 కంపనాల ధ్వనిని కూడా రవ్వంత చేరుస్తాయి. అది పై స్థాయి షడ్జమమే! అందుకే చెవికి ఇంపు. శక్తికి మించి పెంచితే ట్రాన్సిస్టర్ల సెట్టు తరంగాల కొసలను కత్తిరించినట్లు తెగ్గొడుతుంది. వాల్వు సెట్టు వాటిని కొంత గుండ్రంగా చేస్తుంది.

కాని నన్ను మురిపించింది పాటా, ఆ నారింజ వెలుగా? తేల్చుకోవాలనుకున్నాను. రెండు సెట్ల శబ్దాన్నీ సమానం చేశాం. నేను కళ్లకు గంతలు కట్టుకున్నాను. మా తమ్ముడు ప్రతిసారీ పాట ఆపి, తనకు తోచిన సెట్టుకు స్పీకరు కలిపి, అదే పాట మళ్లీ వినిపించాడు. తక్కువ శబ్దంలో పదిసార్లకు ఐదుసార్లే సరిగా చెప్పగలిగాను. బొమ్మా బొరుసూ వేసినా అంతేగా! శబ్దం బాగా పెంచాక మాత్రం తేడా ఇట్టే తెలిసింది.

చెవితో విన్నామనుకున్న దానిలో కంటితో చూసింది కూడా కలుస్తుందన్నమాట. మీరూ ఇలా ఏ రెండు రేడియోలనైనా పరీక్షించవచ్చు. ఒక్క హెచ్చరిక: వాల్వు సెట్టు మూత ఎన్నడూ విప్పకండి. లోపల వందల వోల్టులుంటాయి. మీట ఆపినా కొంతసేపు అవి కెపాసిటర్లలో నిలిచే ఉంటాయి!