సిరా లెక్క

పూర్వము పాఠశాలలలో విద్యార్థులు సిరాబుడ్డిలో కలము ముంచి వ్రాయుచుండిరి. గాజుబుడ్డిలో సిరా ఎంత మిగిలినదో చూడగానే తెలియుచుండెను. నేడు ఇండ్లలోను, కార్యాలయములలోను కాగితములు ముద్రించు ఇంకుజెట్ ప్రింటరునకును సిరాయే ఆధారము. కాని ఆ సిరా కార్ట్రిడ్జి అను మూసిన పెట్టెలో నుండును. మన కంటికి అది కానరాదు. అయినను "సిరా అయిపోయినది" అని యంత్రమే మనకు తెలుపుచున్నది. ఈ సంగతి దానికెట్లు తెలియును?

ముందుగా యంత్రము పనిచేయు విధమును తెలిసికొందము. 1977లో జపాను దేశమున కానన్ సంస్థ పరిశోధనాగారములో, సిరా నింపిన సిరంజి సూదికి టంకము వేయు కాగిన కడ్డీ పొరపాటున తగిలెను. వెంటనే సూది మొననుండి సిరా చిమ్మెను. దీనినుండి ఒక ముద్రణ పద్ధతి పుట్టినది. ఈ పద్ధతిలో సన్నని రంధ్రముల వెనుక చిన్న తాపకము లుండును. తాపకము రెప్పపాటుకన్న తక్కువ కాలములో వేడెక్కి సిరాలో బుడగను పుట్టించును. ఆ బుడగ సిరాబొట్టును కాగితముపైకి నెట్టును. వేరొక పద్ధతిలో వేడితో పనిలేదు. విద్యుత్తు సోకగానే వంగెడి పలుచని పలక సిరాను నెట్టును.

ఈ బొట్టు మిక్కిలి చిన్నది. ఒక లీటరును లక్ష కోట్ల భాగములు చేసినచో, ఒక్కొక్క భాగము పికోలీటరు అగును. బొట్టు 10 పికోలీటర్లు అనుకొన్నచో, 10 మిల్లీలీటర్ల సిరాలో 100 కోట్ల బొట్లుండును. బొట్లను విడుచుటకు ఆజ్ఞ యిచ్చునది యంత్రమే గనుక వాటిని లెక్కించుట దానికి కష్టము కాదు. విడిచిన బొట్ల సంఖ్యను బొట్టు పరిమాణముచే గుణించి, మొత్తమునుండి తీసివేసి, మిగిలినదానిని లెక్కకట్టును. అనేక కార్ట్రిడ్జిలకు అతికియున్న చిన్న చిప్ ఈ లెక్కను గుర్తుంచుకొనును.

అయితే ఇది అంచనాయే గాని కొలత కాదు. సిరా వెచ్చబడినచో పలుచనై బొట్టు పెద్దదగును. బొట్టులో ఇరువదవ వంతు తేడా వచ్చినను, 10 మిల్లీలీటర్లకు అర మిల్లీలీటరు లెక్క తప్పును. అందుచే కొన్ని కార్ట్రిడ్జిల అడుగున చిన్న పట్టకము నమర్చుదురు. సిరా యున్నంతవరకు, పట్టకముపై పడిన కాంతి సిరాలోనికి పోవును. సిరా తగ్గినచో కాంతి సంపూర్ణముగా పరావర్తనము చెంది వెనుకకు వచ్చును. దానినిబట్టి యంత్రము సిరా తగ్గినదని గ్రహించును.

సిరా పూర్తిగా ఇంకిపోకముందే అనేక యంత్రములు ఆగిపోవును. దీనికి కొంత కారణము లేకపోలేదు. సిరా లేక వేడెక్కిన తాపకము చెడిపోవును. రెండవ పద్ధతిలో గాలి చొరబడినచో బొట్టు వెలువడదు. కాని మిగిలిన ఆ సిరాకును కొనినవాడు వెల చెల్లించియే యున్నాడు. ఖాళీ యని చిప్ నందు ఒకసారి నమోదైనచో, పెట్టెలో మరల సిరా పోసినను కొన్ని యంత్రములు అంగీకరింపవు. మూడు రంగులు ఒకే పెట్టెలో నున్నప్పుడు, ఒక రంగు తీరినచో తక్కిన రెండును పారవేయవలసి వచ్చును.

వ్యర్థము ఇంతటితో ముగియదు. రంధ్రములలో సిరా ఎండకుండుటకై యంత్రము అప్పుడప్పుడు కొంత సిరాను లాగి, అడుగుననున్న మెత్తలోనికి పంపును. అరుదుగా ముద్రించువారి సిరాలో పెద్ద భాగము ఈ శుభ్రతకే పోవచ్చును. మెత్త నిండినదనుటయు పెక్కు యంత్రములలో లెక్కయే. ఆ లెక్క పూర్తియైనచో యంత్రము పని మానును.

ఇండోనేషియాలో పలువురు యంత్రమునకు వెలుపల సిరా తొట్టెల నుంచి, గొట్టములద్వారా సిరా అందించుకొనుచుండిరి. 2010లో ఎప్సన్ సంస్థ ఆ దేశముననే, సీసాతో సిరా పోసికొనదగిన తొట్టెలుగల ప్రింటరును విక్రయింప నారంభించెను. అట్టి తొట్టెలో సిరామట్టము కంటికి కనబడును. సిరాబుడ్డినాటి సౌకర్యము మరల వచ్చినదనవచ్చును.

మనమును కొంత జాగ్రత్త వహింపవలెను. అవసరమైనదానినే ముద్రింపవలెను. ప్రింటరును గోడమీటతో గాక దాని మీటతోనే ఆపవలెను. అప్పుడది రంధ్రములకు మూత వేసికొనును. యంత్రము "అయిపోయినది" అన్నప్పుడు, అది చూచి చెప్పినదా, లెక్కకట్టి చెప్పినదా అని విచారించుట కొనినవారి హక్కు.