అమ్మమ్మ వీల్‌చైరూ, ఏడక్షరాల చిరునామా

అమ్మమ్మ హైదరాబాదు నుంచి ఒంటరిగా వస్తోందంటే టిక్కెట్టు కొన్నప్పుడే వీల్‌చైర్ కావాలని చెప్తాం. దారిలో విమానం మారాలి, రెండోది వేరే కంపెనీది. ఆ కబురు అక్కడిదాకా ఎలా వెళ్తుంది? పిల్లలూ, వారాంతంలో మీకు గుణింతాలు నేర్పే మేము మిగతా రోజుల్లో కంప్యూటర్ల పనే చేస్తాం కాబట్టి ఈ సంగతి చెప్పాలనిపించింది.

ఇలాంటి కబుర్ల కోసం 1949లో 11 విమాన కంపెనీలు కలిసి సీటా అనే సంస్థ పెట్టుకున్నాయి. అప్పట్లో వాడింది టెలిప్రింటర్లు, 2013లో మన దేశంలో ఆగిపోయిన టెలిగ్రామ్ లాంటివే. అక్షరానికి ఐదే బిట్లు, అంటే 32 గుర్తులే. అంకెలు కావాలంటే వేరే మీట నొక్కి మారాలి. ఇంగ్లీషు చిన్నబడికి చోటే లేదు. మన యాభై ఆరు అక్షరాల సంగతి సరేసరి!

చిరునామా కచ్చితంగా ఏడక్షరాలు: మొదటి మూడు ఊరు (హైదరాబాదుకి హెచ్.వై.డి.), తరవాతి రెండు విభాగం, చివరి రెండు కంపెనీ. వీల్‌చైరుకీ గుర్తుంది. మెట్లెక్కగలరు కానీ దూరం నడవలేరంటే డబ్ల్యు.సి.హెచ్.ఆర్. మెట్లు కూడా ఎక్కలేకపోతే చివర ఎస్., సీటుదాకా తీసుకెళ్ళాలంటే సి. ఆ ఒక్క అక్షరం తప్పితే అమ్మమ్మ మెట్ల దగ్గరే నిలబడిపోతుంది. అందుకే పెద్దవాళ్ళకి మా మనవి: "వీల్‌చైర్" అని ఊరుకోకండి, మెట్ల సంగతి కూడా చెప్పండి.

ఇంటర్నెట్ వచ్చాక ఇదంతా పారేయచ్చుగా? ఇన్ని కంపెనీలూ, విమానాశ్రయాలూ ఒకే రోజు మారడం అయ్యే పని కాదు. అందుకని 1998లో సీటా తరఫున మాటిప్ అనే పద్ధతి ప్రచురించారు. పాత ఉత్తరాన్ని ముట్టుకోకుండా కొత్త కవరులో పెట్టడమే. అక్షరానికి ఐదు బిట్లా, ఆరా, ఏడా, ఎనిమిదా అని రెండు కంప్యూటర్లూ ముందే చెప్పుకుంటాయి. సీటు ఉందా అని అడిగి వెంటనే జవాబు కోరే ప్రశ్నలు 350వ నంబరు ద్వారంలో, అమ్మమ్మ కబురు లాంటివి 351లో వెళ్తాయి.

మొదటి రకం పోతే మళ్ళీ అడగచ్చు. రెండోది పోకూడదు. ఇంటర్నెట్ కబురుని అవతలి యంత్రందాకా చేరుస్తుంది, నిజమే. మరుక్షణం ఆ యంత్రం ఆగిపోతే? అందుకే బటాప్ అని ఇంకో కట్టుబాటు ఉంది. అవతలివాళ్ళు "అందింది, ఇక బాధ్యత మాది" అనేదాకా పంపినవాళ్ళు కబురుని దాచుకుని, మళ్ళీ పంపుతారు. రిజిస్టరు ఉత్తరానికి పోస్టుమాన్ సంతకం పెట్టించుకునేవాడే, అలాగన్నమాట.

మరి రెండుసార్లు చేరితే? మళ్ళీ పంపినదాని మీద పి.డి.ఎం. అని ఉంటుంది, ఇది మీకు ముందే అంది ఉండచ్చు అని. లేకపోతే అమ్మమ్మకి రెండు వీల్‌చైర్లు!