ఏలూరులో ఆస్పర్జర్ ఎందుకు కనబడదు

అమెరికాలో ఎనిమిదేళ్ళ పిల్లల్లో ప్రతి 31 మందికి ఒకరికి ఆటిజం ఉందని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. 2000 సంవత్సరపు లెక్కలో అది 150 మందికి ఒకరు. మరి మా ఏలూరు జిల్లా సంగతి? 2011 జనాభా లెక్కల ఫారంలో చూపు, వినికిడి, మాట, కదలిక, బుద్ధిమాంద్యం, మానసిక రుగ్మత అంటూ గళ్ళున్నాయి గానీ ఆటిజానికి గడే లేదు. వందలో ఒకరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలం చెబుతూ వచ్చిన మోటు అంచనా తీసుకున్నా, సుమారు 20 లక్షల జనాభా ఉన్న ఈ జిల్లాలో 20 వేల మంది ఉండాలి. వాళ్ళలో మాట రాని పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరి కంటబడతారు. మాట బాగా వచ్చి, చదువూ వచ్చి, మనుషులతో మెలగడం ఒక్కటే రానివాళ్ళు మాత్రం ఎవరికీ పట్టరు. నిన్నమొన్నటిదాకా ఆస్పర్జర్ సిండ్రోమ్ అన్నది వీళ్ళ పరిస్థితినే.

వియన్నా పిల్లల వైద్యుడు హాన్స్ ఆస్పర్జర్ 1944లో జర్మన్ భాషలో రాసిన పరిశోధన ఇంగ్లీషు దేశాల్లో నలభై ఏళ్ళ దాకా పెద్దగా ఎవరికీ తెలియలేదు. దాన్ని 1981లో వెలుగులోకి తెచ్చింది లండన్ మానసిక వైద్యురాలు లోర్నా వింగ్. ఆమె సొంత కూతురికీ ఆటిజం ఉండేది. 1994లో అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథంలోకి ఎక్కిన ఆ పేరు, 2013లో అదే గ్రంథంలోంచి తొలగిపోయి ఆటిజం స్పెక్ట్రమ్‌లో కలిసింది. నాజీల కాలంలో ఆస్పర్జర్ కొందరు పిల్లల్ని, పిల్లల్ని చంపే సంస్థకు పంపించాడని 2018లో చరిత్రకారుడు హెర్విగ్ చెక్ ఆధారాలతో బయటపెట్టాక ఆ పేరంటేనే చాలామందికి గిట్టడం లేదు. పాత నిర్ధారణ ఉన్నవాళ్ళు ఇంకా దాన్నే వాడుతున్నారు కాబట్టి నేనూ గుర్తు కోసం వాడుతున్నాను.

ఒక దేశంలో ఎక్కువమంది, ఇంకో దేశంలో తక్కువమంది అన్న లెక్కల్ని చూసి మోసపోకూడదు. చట్టం, బడి, డబ్బు, ఈ మూడింటిలో ఏదో ఒకటి ఆ పేరు అడిగినచోటే అది కనబడుతుంది. బ్రిటన్‌లో తల్లిదండ్రులు 1962లోనే సంఘం పెట్టుకున్నారు; 2009లో ఇంగ్లండ్ కోసం ప్రత్యేకంగా ఆటిజం చట్టం వచ్చింది. అమెరికాలో 1990 నాటి ప్రత్యేక విద్యా చట్టం ఆటిజాన్ని విడి విభాగంగా చేర్చాక, బడులు ఆ పేరుతో పిల్లల్ని లెక్కపెట్టడం, సాయం చెయ్యడం మొదలుపెట్టాయి. జపాన్ 2004లో చేసిన చట్టంలో ఆస్పర్జర్ సిండ్రోమ్ అన్న మాటే నేరుగా ఉంది.

కొరియా అనుభవం మనకు బాగా దగ్గర. సియోల్ పక్కనున్న గోయాంగ్ నగరంలో చేసిన సర్వే ఒకటి 2011లో అచ్చయింది. ప్రత్యేక పాఠశాలల్లోనే కాక మామూలు బడుల్లో పిల్లల్ని కూడా పరీక్షించారు. 38 మందికి ఒకరు తేలారు. వాళ్ళలో మూడింట రెండొంతులమంది మామూలు బడుల్లోనే, ఏ నిర్ధారణా ఏ సాయమూ లేకుండా చదువుకుంటున్నారు. ర్యాంకుల చదువు, అర్ధరాత్రి దాకా ట్యూషన్లు, బయటికి తెలిస్తే ఇంట్లో పెళ్ళిళ్ళు ఆగిపోతాయన్న భయం, అన్నీ మనకు తెలిసినవే. కొరియావాళ్ళు వెళ్ళి వెతికారు కాబట్టి దొరికారు.

మన దేశంలో వెతకడం ఆలస్యంగా మొదలైంది. 1995 వికలాంగుల చట్టంలోని ఏడు వైకల్యాల్లో ఆటిజం లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం దాన్ని గుర్తించింది. 2016 చట్టం 21 వైకల్యాల్లో ఒకటిగా చేర్చి, ఉన్నత విద్యలోనూ ఉద్యోగాల్లోనూ కోటా ఇచ్చింది. 2 నుంచి 9 ఏళ్ళ పిల్లల మీద దేశంలో అయిదు చోట్ల చేసి 2018లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో హైదరాబాదూ ఉంది. దానిలో కూడా ఆటిజం ఇంచుమించు వందలో ఒకరి దగ్గరే తేలింది. అంటే పిల్లలు ఇక్కడా అంతమంది ఉన్నారు, లేనిది పేరే.

ఆ పేరు కాగితం మీదికి రావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థ 2009లో విడుదల చేసిన కొలత మీద ఆధారపడాలి. దానిలో 40 అంశాలున్నాయి. వైకల్యం కనీసం 40 శాతం ఉంటేనే కోటా గానీ, మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి నెలకు 6 వేల రూపాయలైన పింఛను గానీ. మాట బాగా వచ్చి, లెక్కలు గడగడా చేసే కుర్రాడి కష్టం ఆ కొలతలో తక్కువగా పడుతుంది. అంత తిరిగి చివరికి ఏమీ రాదనుకున్న తల్లిదండ్రులు సర్టిఫికెట్ కోసం ఎందుకు క్యూలో నిలబడతారు?

కైకలూరు, ఆకివీడు మధ్య చేపల చెరువుల మీద ఇలాంటి మనిషి ఒకడైనా తారసపడతాడు. ఏ చెరువులో ఎన్ని వేల శీలావతి పిల్ల, ఎంత బొచ్చె పిల్ల వదిలారో, నిరుడు ఏ తేదీన పట్టుబడి చేశారో పుస్తకం చూడకుండా చెబుతాడు. తెల్లవారకుండానే పడవ మీద వెళ్ళి, చిల్లులు పెట్టిన తవుడు బస్తాలు వరసగా గెడలకు కట్టి వస్తాడు. ఆ వరస ఎవరైనా మారిస్తే ఆ పూట ఇక మనిషి కాలేడు. పట్టుబడి రోజున లారీలు, ఐసు, కూలీల కేకలు మొదలయ్యేసరికి గట్టు దిగి వెళ్ళిపోతాడు. వేళాకోళం అర్థం కాదు. 'రేపు రారా, డబ్బులిస్తా' అని ఎవరో తప్పించుకోవడానికి అంటే, పొద్దున్నే వచ్చి వాకిట్లో నిలబడతాడు. ఊళ్ళోవాళ్ళు మాలోకం అంటారు, లౌక్యం తెలియదంటారు, అక్కడితో వదిలేస్తారు. ఇలాంటి ప్రతివాడికీ ఆస్పర్జర్ ఉందని నేననడం లేదు. గట్టు మీద నిలబడి చూసి రోగ నిర్ధారణ చేయకూడదు. కానీ నిజంగా ఉన్నవాణ్ణి కూడా ఎవరూ ఏ డాక్టరు దగ్గరికీ తీసుకెళ్ళరు.

ఊరు అతనికి పని ఇచ్చింది, తిండి పెట్టింది. ఇది చిన్న మేలు కాదు. నిర్ధారణ కాగితం చేతిలో ఉండీ పని దొరకని పెద్దవాళ్ళు అమెరికాలో ఎందరో ఉన్నారు. అయితే ఈ సర్దుబాటు తల్లి బతికున్నంతవరకే. ఆమె తర్వాత అతనికి ఏ చప్పుడు పడదో, ఏ కూర ముట్టడో ఎవరికీ తెలియదు.

ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాల్లో సంగతి వేరు. ఇక్కడ మార్కులొచ్చే పిల్లాడిలో ఇబ్బంది ఉందని అనుకునే తల్లిదండ్రులు అరుదు. పదో తరగతి దాకా తన గదిలో తన పద్ధతిలో చదువుకున్న కుర్రాణ్ణి ఇంటర్‌కి హాస్టల్ ఉన్న కాలేజీలో వేస్తారు. ఇరుకు గదిలో పదిమంది, తెల్లవారుజామునే స్టడీ అవర్, మెస్సులో కంచాల మోత, మార్కుల్ని బట్టి మారిపోయే సెక్షన్లు. నెల తిరిగేసరికి తిండి మానేస్తాడు, లేదా ఇంటికొచ్చి తలుపేసుకుంటాడు. మొండితనమంటారు, దిష్టంటారు, కొల్లేటికోట పెద్దింట్లమ్మకు మొక్కుకుంటారు. మొక్కుకోవడంలో తప్పు లేదు. మొక్కుతో పాటు పిల్లల మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళకపోవడమే తప్పు.

ఆడపిల్లలైతే ఇంకా మరుగున పడిపోతారు. నిర్ధారణ అయినవాళ్ళలో ముగ్గురు నలుగురు మగపిల్లలకు ఒక ఆడపిల్ల అన్నది ప్రపంచమంతటా ఉన్న లెక్క. చూసి నేర్చుకుని, నలుగురిలో నెట్టుకొచ్చి, ఇంటికొచ్చి కూలబడే ఆడపిల్లలు ఆ లెక్కలోకి రారని ఇప్పుడు నిపుణులు ఒప్పుకుంటున్నారు. మన ఇళ్ళలో తలెత్తి చూడని పిల్లకు నెమ్మదస్తురాలన్న మెప్పు దొరుకుతుంది. అత్తవారింట్లో అదే నెమ్మది పొగరయిపోతుంది. ఈ తేడా వల్ల విరిగిన కాపురాలు ఎన్నో ఉంటాయని నా గట్టి నమ్మకం.

ఇక ఫోను. ఇంగ్లీషులో వెతికితే ఆటిజం ఉన్నవాళ్ళే తమ గురించి చెప్పుకున్న మాటలు కొల్లలుగా దొరుకుతాయి. అమెరికా పశుశాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ 1986లోనే తన జీవితం పుస్తకంగా రాసింది. స్వీడన్ పర్యావరణ ఉద్యమకారిణి గ్రేటా థున్‌బర్గ్ తన ఆస్పర్జర్ గురించి బాహాటంగా చెప్పింది. తెలుగులో వెతికిన తల్లికి ఎక్కువగా ఎదురయ్యేవి 'మీ బాబుకి మాటలు రావట్లేదా' అని మొదలై నయం చేస్తామన్న హామీతో ముగిసే వీడియోలు. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స సిఫారసు చేయదగింది కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. ఆ మాట వీడియోలంత దూరం రాలేదు. ముప్ఫై ఏళ్ళ మనిషి తెలుగులో 'నేనిలా ఉంటాను, నాకిది కష్టం, ఇది ఇష్టం' అని చెప్పిన మాట వినాలంటే గాలించాలి. 2010లో 'మై నేమ్ ఈజ్ ఖాన్' సినిమాలో హీరోకి ఆస్పర్జర్ ఉందని చూసి కన్నీళ్ళు పెట్టుకున్న మనం, అది అమెరికాలో జరిగే కథ అనుకుని ఇంటికొచ్చేశాం.

ఇక్కడ విదేశాల్లో ఉన్న మీ ప్రసక్తి వస్తుంది. ఈ జిల్లాల నుంచి వెళ్ళి న్యూజెర్సీలో, డాలస్‌లో, మెల్‌బోర్న్‌లో స్థిరపడిన కుటుంబాల్లో మూడు నాలుగేళ్ళకే నిర్ధారణ అయిన పిల్లలున్నారు. బడిలో ఏం అడగాలో, ఏ కాగితం మీద సంతకం పెట్టించుకోవాలో ఆ తల్లిదండ్రులకు కంఠతా వచ్చు. సెలవులకు ఊరొచ్చినప్పుడు మాత్రం 'వాడికి తెలుగు రాదు మామ్మా, అందుకే మాట్లాడడు' అంటారు. చెల్లెలి పెళ్ళి కావాలి, తమ్ముడికి సంబంధాలు చూస్తున్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ మామ్మ పక్కింట్లోనే అలాంటి మనవడు ఇంకొకడు ఏ పేరూ లేకుండా తన్నులు తింటూ పెరుగుతున్నాడు. మీకు తెలిసింది ఆమెకు చెబితే, ఆమె ఆ తల్లికి చెబుతుంది.

ఇంకో సంగతి. రెండు భాషలు పిల్లాణ్ణి తికమక పెడతాయి, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి అని థెరపిస్టులు చెప్పిన రోజులున్నాయి. అది విని తెలుగు మానేసిన ఇళ్ళు నేనెరుగుదును. రెండు భాషల వల్ల ఆటిజం ఉన్న పిల్లలకు నష్టం లేదని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. తాతతో మాట్లాడే భాష ఆ పిల్లాడికి తిరిగివ్వండి.

మీ తెలుగు సంఘాల సభలకు తారల్ని పిలవడానికి పెట్టే ఖర్చులో కొంత తీసి ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు హైస్కూళ్ళ టీచర్లకు ఒక రోజు శిక్షణ ఇప్పించండి. మీ పిల్లల్ని పెంచుతూ నేర్చుకున్నది తెలుగులో రాయండి, పేరు పెట్టుకోవడం ఇష్టం లేకపోతే పేరు లేకుండానే రాయండి. మీలోనే ఎవరికైనా నలభయ్యో ఏట నిర్ధారణ అయి ఉంటే, ఈ పత్రిక వచ్చే సంచికకు ఆ అనుభవం మీరు రాయండి.